ఆరో సీసా

తిరుపతి,
నవంబరు 18

వదినకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరిద్దరూ బాగానే ఉన్నారని అనుకోవడం వరకే నా చేతిలో ఉంది. ఆధారం కావాలంటే నీ జాబు రావాలి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అని నువ్వనవు. పోయిన నెల నువ్వే అన్నావు, "ఫోన్లో నువ్వు 'ఉండు వదినా, ఇంకో కాల్ వస్తోంది' అంటావు. కాగితానికి ఇంకో కాల్ రాదు, రాయి" అని. ఇక అన్నకు స్పీకరు పెట్టకుండా మాట్లాడడం చేతకాదు. మొన్న నా మోకాలి నొప్పి సంగతి చెబుతుంటే, పక్కన రొయ్యల గుంటలున్న మీ కామాక్షయ్య అడ్డమొచ్చి "ఆముదం రాయమ్మా" అన్నాడు. రాశాను. తగ్గిందో లేదో ఇంకా తేల్చుకోలేదు.

అసలు విషయం. మా వెటర్నరీ కాలేజీలో నాకొక చిన్న ప్రాజెక్టు వచ్చింది. తిండిగింజలకూ పశువుల మేతకూ పట్టే బూజు కొన్ని విషాలు వదులుతుంది. అవి పొట్టలోకి పోయాక, అక్కడ కాపురముండే బ్యాక్టీరియాను ఏం చేస్తాయన్నది ప్రశ్న. బ్యాక్టీరియా అనగానే మొహం చిట్లించకు. నీ ప్రేగుల్లో, నా ప్రేగుల్లో, బర్రె ప్రేగుల్లో కోట్లకొద్దీ ఉంటాయి. తిన్నది అరగడానికి సాయపడతాయి, బయటి చెడ్డవాటికి చోటివ్వవు. బూజు విషం వాటిలో మంచివాటిని తగ్గించి తగాదాకోర్లను పెంచుతుందని కొన్ని పరీక్షల్లో తేలింది. కొన్నింటిలో తేలలేదు. అందుకే ప్రాజెక్టు.

సముద్రం పక్కన గాలికే నెమ్ము కదా, అక్కడి నమూనాలు కావాలి. మీ ఇంట్లో మనుషులు తినేవీ పశువులు తినేవీ ఏవుంటే అవి సీసాకు కొంచెం చొప్పున పంపు. మంచివి చూసి పంపకు. ఉన్నదున్నట్టు పంపు.

నువ్వు దంచి పంపే చెనిక్కాయ పొడి, మా కాలేజీ భాషలో వేరుశనగ పొడి, అయిపోయి వారమైంది. ఇది ప్రాజెక్టుకు సంబంధించింది కాదు.

నీ ఆడబిడ్డ,
వాణి

*

మైపాడు దారి,
ఇందుకూరుపేట మండలం,
డిసెంబరు 6

వాణీ,

నీకంటే ఏడాదే పెద్దదాన్నయినా వదినను కాబట్టి దీవిస్తుండా. దీవెనకు ఆధారం అడగమాక.

వానలకు కొట్టుగది కారింది. చెనిక్కాయల బస్తాల మీద మీ అన్న పట్ట కప్పినాడు. పట్టకే బొక్క ఉండాది. ఆ సంగతి వాన నిలిచినాక చూసినాడు.

నువ్వడిగినయ్యి అయిదు సీసాలు మీ అన్న చేత తిరుపతి బస్సులో వేయిస్తుండా. బర్రెలకు పెట్టే చెనిక్కాయ చెక్క ఒకటి, తవుడు ఒకటి, మొక్కజొన్న నూక ఒకటి. నాలుగోది కామాక్షయ్య రొయ్యల మేత. నేనడగలా, ఆయనే తెచ్చిచ్చి "మా రొయ్యల కడుపు కూడా చూడమను పాపను" అన్నాడు. నీకు నలభై అయిదు దాటినా ఆయనకు నువ్వు పాపవే. అయిదోది నీ పొడి. అది తినేదానికి. దాన్ని పరీక్ష చేసినావని తెలిసిందా, ఇంక జన్మలో దంచను.

నా కడుపులో కోట్లమంది కాపురముండారని రాసినావే, అది మీ అన్నకు చదివి వినిపించినా. "అందుకా బియ్యం బస్తా నెల తిరక్కుండా అయిపోతుండేది" అన్నాడు. పొలమారిందాకా నవ్వినా. అత్తగారు బతికుంటే వాళ్ళక్కూడా ఏదో ఒక పని చెప్పుండేది.

నీ జాబు నిండా తేలింది, తేలలేదు. ఆనాడు పెళ్ళిచూపులకొచ్చిన ఇంజనీరును చూసి కూడా "ఒక్కసారి చూస్తే ఏం తేలుతుంది" అన్నావు. ఆయనకు ఇప్పుడు మనవరాలు పుట్టింది. నీకింకా తేలలా.

ఆనందకుమారి

*

తిరుపతి,
జనవరి 9

వదినా,

సీసాలు పగలకుండా చేరాయి. అన్న ఒక్కోదానికీ పాత పంచె ముక్క చుట్టాడు. విప్పుతుంటే మా అటెండరు "పసిబిడ్డలా మేడం?" అన్నాడు.

ముందు నన్ను తిట్టుకో. నీ పొడి పరీక్ష చేశాను. ఊరందరి తిండినీ శంకించి, నేను ఇరవై ఏళ్ళుగా తింటున్నదాన్ని వదిలేయడం న్యాయం కాదనిపించింది. నిజానికి ఆ రోజు మధ్యాహ్నం భోజనం సయించలేదు. చెడ్డదని వస్తే నీకెలా రాయాలి, రాయకుండా ఎలా తినాలి? రాలేదు. మా పరికరానికి అందేంత కూడా లేదు. నమ్మలేక మళ్ళీ చేశాను. బజారులో కొన్న ఏ ప్యాకెట్టూ ఇంత శుభ్రంగా లేదు. ఎలా చేస్తున్నావు వదినా?

తవుడు, నూక పర్వాలేదు. కామాక్షయ్య మేత బాగుందని చెప్పు. చెక్క మాత్రం సరిగ్గా హద్దు గీత మీద ఉంది, బర్రెలకు తగ్గించు. బర్రె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు కొన్ని బూజు విషాల్ని ముందే విరిచేస్తాయి. మనకంటే అది అదృష్టవంతురాలు. కానీ చెనిక్కాయకు పట్టే ఈ విషం, అఫ్లటాక్సిన్, వాటికి పూర్తిగా లొంగదు. మిగిలింది వేషం మార్చుకుని పాలల్లోకి వస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. నువ్వు అయిదు సీసాలని రాశావు. నాకు ఆరు వచ్చాయి. ఆరోది ఎర్రమూత సీసా, చీటీ లేదు. లోపల ముతకగా దంచిన చెనిక్కాయ పొడి. అందులో విషం ఉండదగినదానికి అయిదు రెట్లుంది. మూడుసార్లు చేశాను.

అది ఎవరిది? ఎవరు తింటున్నారో వాళ్ళను ఈ జాబు అందిన పూటే ఆపమను. వేయిస్తే పూర్తిగా పోదు, ఎండబెడితే పోదు, కడిగితే పోదు. బూజు కంటికి కనపడినా కనపడకపోయినా విషం ఉండొచ్చు.

వాణి

*

మైపాడు దారి,
జనవరి 20

వాణీ,

వద్దన్న పొడిని పరీక్ష చేసినావు. శుభ్రంగా ఉందని తేలింది కాబట్టి బతికిపోయినావు.

ఆరోదా, అది కోళ్ళది. మీ అన్న చేతికందింది పెట్టుంటాడు. ఆపేస్తాలే.

మేత బాగుందంటే కామాక్షయ్య నమ్మలా. "మీ పాప మిషన్లో చూసేది నేను ఎండలో చూస్తా" అని గుంటలోంచి ఒక రొయ్యను తెచ్చి నా మొహం ముందర పెట్టినాడు. రొయ్యకు ప్రేగు బయటికే కనపడతాది కదా, వీపు మీద నల్లదారం మాదిరి. దారం నిండుగా ఉంటే తిన్నట్టు, తెగితెగి ఉంటే రోగమొచ్చినట్టు. నిండుగానే ఉండాది. అయినా ఆయన మొహం దిగాలుగానే ఉండాది. రొయ్యలు పెట్టినోళ్ళ మొహాలు అట్నే ఉంటాయేమో.

ఒక మాట అడగాల. మజ్జిగలో ఉండేది మంచి బ్యాక్టీరియానే కదా? పూటపూటా మజ్జిగ తాగితే ఆ బూజు విషం విరిగిపోతాదా? కోళ్ళకోసం అడుగుతుండా.

ఆనందకుమారి

*

తిరుపతి,
జనవరి 29

వదినా,

ఏ కోళ్ళు? మీ చివరి పుంజును ముంగిస ఎత్తుకుపోయిందని రెండేళ్ళ కిందట నువ్వే నాలుగు పేజీలు రాశావు. దాని తోక ఈకల వర్ణనే ఒక పేజీ.

సరే, మళ్ళీ కొన్నారనుకుందాం. నాకు ఎప్పుడూ రెండో వైపు కూడా చూడడం అలవాటు. కానీ ఆ పొడిలో ఎండుమిరప ఉంది. ఉప్పుంది. జీలకర్ర ఉంది. పొట్టు తీయని వెల్లుల్లి ఉంది. ఏ కోడికి వదినా నువ్వు వెల్లుల్లి కారం దంచి పెడుతున్నది? పక్కన దోసె కూడా పోస్తున్నావా?

మజ్జిగ సంగతి. గాజు గొట్టాల్లో పెట్టి చూస్తే పెరుగులో ఉండే కొన్ని రకాలు ఈ విషాన్ని కొంత పట్టి ఉంచుతున్నాయి. పొట్టలో ఎంత పడతాయో ఇంకా ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. ఆ విషమేమో అక్కడ మంచివాటిని చెదరగొట్టే పనిలో ఉంటుంది. రోజూ ఆ పొడి తింటూ మజ్జిగ తాగడమంటే, కప్పు బాగుచేయకుండా కారేచోట గిన్నె పెట్టడం. కోళ్ళకు చెప్పు.

వాణి

*

మైపాడు దారి,
ఫిబ్రవరి 11

వాణీ,

చదువు ఎక్కువైతే ఇట్నే ఉంటాది. నా వంటింట్లో ఏ సీసాలో ఏముందో నాకు తెలుసు, తిరుపతిలో కూర్చుని నువ్వు చెప్పనక్కర్లా. అది పాత సీసా. ఎవరూ తినరు. పారేసినా. ఇంక ఆ మాట ఎత్తమాక.

చెక్క తగ్గించినందుకు బర్రె పాలు తగ్గించింది. నన్ను చూసి మొహం తిప్పుకుంటుండాది. అదీ నీ చలవే.

ఆనందకుమారి

(అదే కాగితం వెనక, వేరే చేతిరాత)

వాణమ్మా, అన్నను. కవరు అంటించే పని నాకు చెప్పి బర్రెల దగ్గరికి పోయింది, అందుకని గబగబా రాస్తుండా. ఆరోది మీ వదిన తినే పొడి. నీ పొడికని గింజలు ఏరతాది. ముడతవి, నల్లవి, బొక్కవి పక్కన పెట్టి వాటితో తనకు దంచుకుంటాది. నాకు నీ దాంట్లోదే పెడతాది, దాని దాంట్లోది తాకనివ్వదు. నాలుగు నెలలుగా కడుపు ఉబ్బరం. మజ్జిగన్నమూ ఆ పొడీ తప్ప ఏమీ తినదు. ఆసుపత్రికంటే రాదు. చూసి చూసి నేనే ఆ సీసా నీకు పెట్టినా. ఈ జాబు సంగతి చెప్పమాక, నాకు ఇంట్లో కూడుండదు.

పెంచలప్రసాద్

*

తిరుపతి,
ఫిబ్రవరి 17

వదినా,

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నా అంతట నేనే తేల్చుకున్నాను. ఆ ఇంట్లో వెల్లుల్లి పొట్టు తీయకుండా దంచుకునే మనిషివి నువ్వొక్కదానివే. ఆరో సీసా నీది.

నాలుగు రోజులుగా ఒక మధ్యాహ్నం గుర్తుకొస్తోంది. నువ్వు మా ఇంటికొచ్చిన మూడో నెల. నేను ఎమ్మెస్సీ సెలవులకు వచ్చాను. ఇంటినిండా చుట్టాలు. నువ్వు మొదటిసారి దంచిన చెనిక్కాయ పొడి. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "చీ, చేదు" అని అందరిముందూ ఉమ్మేశాను. అమ్మ నీవైపు చూసింది. నువ్వు విస్తళ్ళవైపు చూశావు. నేను వేరే కూర వడ్డించుకుని తిని, ఆ పూటే మరిచిపోయాను. ఇరవై రెండేళ్ళు మరిచిపోయాను. నువ్వు మరిచిపోలేదని నా పొడి ఇంత శుభ్రంగా ఉండడం చెబుతోంది.

బూజు విషం బస్తా అంతటా సమంగా ఉండదు వదినా. ముడత గింజలో, రంగు మారిన గింజలో, పురుగు తొలిచిన గింజలో పోగుపడి ఉంటుంది. వాటిని ఏరేస్తే మిగతాది దాదాపు శుభ్రం. నేను ఏటా పిల్లలకు బోర్డు మీద రాసే ఈ పాఠం నువ్వు చాటలో చేస్తూ వచ్చావు. కాకపోతే ఏరిందంతా ఒకచోట చేర్చి నువ్వు తిన్నావు. నా వాటా చేదు కూడా నువ్వే తిన్నావు.

నీ కడుపు ఉబ్బరం దానివల్లేనని చెప్పలేను. ఆ విషం నీ ప్రేగుల్లోని మంచివాళ్ళను ఏం చేసిందో చెప్పలేను. కోళ్ళ మీద చేసిన పరీక్షల్లో కనపడింది మనుషుల్లోనూ అలాగే జరుగుతుందనీ చెప్పలేను. కానీ ఏళ్ళ తరబడి తింటే అది కాలేయానికి చెడ్డదన్న దాంట్లో సందేహం లేదు. నా నోట "సందేహం లేదు" అన్న మాట ఎప్పుడైనా విన్నావా? అందుకని నెల్లూరు పో, డాక్టరుకు ఇదంతా చెప్పి రక్తపరీక్ష చేయించుకో. ఎండలో పట్టి చూస్తే లోపలిది తెలిసే భాగ్యం రొయ్యకిచ్చాడు దేవుడు, మనకివ్వలేదు. నీకు అసలే ఇవ్వలేదు.

వాణి

*

మైపాడు దారి,
మార్చి 8

వాణీ,

ఎవరూ చెప్పలేదంటావు. కడుపు ఉబ్బరమని నేను ఏ జాబులో రాసినా? అది కూడా వెల్లుల్లి పొట్టే చెప్పిందా? మీ అన్నను పిలిచి అడిగినా. వాకిట్లో ఎండలో నిలబడుకుని తెల్లబోయినాడు. రొయ్య మాదిరి లోపల ఉండేదంతా కనపడింది. కూడు పెట్టినాలే, భయపడమాక.

నెల్లూరు పోయొచ్చినాం. రక్తం తీసినారు, కడుపు మీద చల్లగా ఏదో పూసి స్కానింగు తీసినారు. కాలేయానికి కొంచెం కొవ్వుందంట, ఇంకేం లేదంట. మాత్రలిచ్చి మూడు నెలలకు మళ్ళీ రమ్మనింది డాక్టరమ్మ. ఆ పొడి ఇంక ముట్టొద్దనింది. "ఉబ్బరం దాని వల్లేనా అమ్మా" అంటే "చెప్పలేం" అనింది. నీకు చుట్టమేమో అనుకున్నా.

ఆ చేదు సంగతి ఎత్తినావు కాబట్టి రాస్తుండా. నువ్వు ఉమ్మేసినందుకు కాదు నాకు రోషం. నువ్వు ఉమ్మేసేటప్పటికి నేను రెండు ముద్దలు మింగేసి ఉండా, చేదని తెలిసి. కొత్తకోడలు ఎక్కడ ఉమ్మేస్తాది? నీకు నోరుండాది, ఉమ్మేసినావు. ఆ రోజే అనుకున్నా, ఈమెకు ఇంక వంక దొరకనియ్యకూడదని. ప్రేమ అనుకోమాక, మొదట్లో పంతమే. తర్వాత అలవాటు. ఆ తర్వాత ఏమైందో నాకే తెలియదు. నీ పొడికని చాట ముందర కూర్చుంటే మధ్యాహ్నం అట్నే గడిచిపోతాది, నీతో మాట్లాడుతున్నట్టుంటాది.

ఏరినవి పారేసేదానికి మాత్రం నాకు చేయి రాదు. వాకిట్లో పడిన గింజను కూడా తీసి కొంగున కట్టుకునేది మీ అమ్మ. నాకదే వచ్చింది. బర్రెకు పెట్టొద్దంటివి. కోళ్ళు లేకపోయె, ఉన్నా పెట్టొద్దంటావు. పూడ్చమంటాడు మీ అన్న. పూడ్చేదానికా పండించేది? రెండు కేజీలుండాయి ఇంకా డబ్బాలో. తినలా, ఒట్టు. కానీ డబ్బా అక్కడే ఉండాది, నేనూ ఇక్కడే ఉండా.

ఆనందకుమారి

*

తిరుపతి,
మార్చి 15

వదినా,

ఒట్టును నమ్మాను. డబ్బాను నమ్మను.

పూడ్చొద్దు. ఆ రెండు కేజీలు మూత బిగించి, గాలి పోకుండా మరో సంచిలో కట్టి, నాకు పంపు. మా ప్రాజెక్టుకు పొలంలో సహజంగా బూజు పట్టిన గింజలు కావాలి. ఎవరినడిగినా మంచివే ఏరి ఇస్తున్నారు, చెడ్డవి ఇవ్వడం పరువు తక్కువట. ఇప్పుడే కాదు, కొత్త కాయలు కొట్టాక ఏరినవి కూడా పంపు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళూ ఏటా పంపు. ఏరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో.

కాలేజీ ముద్రతో కాగితం జతచేశాను: "శ్రీమతి ఆనందకుమారి గారి నుండి, పరిశోధన నిమిత్తం, ఏరిన వేరుశనగ గింజలు, రెండు కిలోలు, కృతజ్ఞతలతో." ఇకమీదట అది పారేయడం కాదు. విరాళం.

ఇవి నిజంగా నాకు కావాలా, నీకోసం కల్పించానా అని అడుగుతావు. రెండూ. ఏది ఎంత పాలో అడక్కు, నేనింకా తేల్చుకోలేదు.

వాణి

*

మైపాడు దారి,
మే 4

వాణీ,

కాగితం మీ అన్న లామినేషన్ చేయించి గోడకు తగిలించినాడు. కామాక్షయ్య ముద్రను వేలితో తడిమి తడిమి చూసి, "మా గుంటలో చచ్చిన రొయ్యలు కూడా గవర్నమెంటోళ్ళు ఎవరన్నా గౌరవంగా తీసుకుంటారేమో అడగమ్మా" అన్నాడు. అడిగి రాయి, లేకపోతే రోజూ వచ్చి నిలబడతాడు.

కొత్త కాయలు కొట్టినాం. ఈ తడవ ఎండ బాగా కాసింది, కొట్టుగదికి రేకులు మార్పించినా. ఏరినవి కేజీన్నరే వచ్చినాయి. తక్కువైనందుకు మీ కాలేజీవాళ్ళు ఏమీ అనుకోరు కదా?

మంచివన్నీ ఒకే మూకుట్లో వేయించి ఒకే రోట్లో దంచినా. వెల్లుల్లి పొట్టు కూడా తీసినా, లేకపోతే ఊరందరిలో నన్నే పట్టేస్తావు. రెండు సీసాలకు పోసినా. చీటీలు రాయలా. ఏది నీదో ఏది నాదో నాకే తెలియదు, చేతికొచ్చింది మీ అన్నకిచ్చి బస్సులో వేయమన్నా. పరీక్ష చేస్తావని తెలుసు. చేసుకో, సగమన్నా తినేదానికి మిగిలించుకో.

ఉబ్బరం తగ్గింది. ఆ పొడి మానినందుకా, డాక్టరమ్మ మాత్రలకా, లోపలి కాపురాలు మళ్ళీ చక్కబడినాయా అంటే చెప్పలేను. ఈ మాట రాసి, పెన్ను కిందపెట్టి, ఒక్కదాన్నే నవ్వినా. నీ రోగం నాకంటింది.

ఇంకొకటి. మొన్న వసారాలో చాట ముందర కూర్చుని గింజలు ఏరుకుంటా, ఒకటి తీసి నోట్లో వేసుకున్నా. చేదు. మీ అన్న ఉండాడు. కామాక్షయ్య, ఆయన పెండ్లాం ఉండారు. ఎప్పటిమాదిరి మింగబోయి ఆగినా.

అందరిముందరా వాకిట్లోకి తుపుక్కున ఉమ్మేసినా.

ఆనందకుమారి